అసిరమ్మ మైనం

భోగాపురం చుట్టుపక్కల ఎవరి బావి మీద ఇంజను మొరాయించినా కూర్మయ్యకే కబురు వెళ్ళేది. వేరే దిక్కు ఉండేది కాదు మరి. కరువు చూసి బెదిరిపోయిన రైతులు ఒక్కొక్కరే చిన్న చిన్న కిరసనాయిలు ఇంజన్లు తెచ్చుకుంటున్న రోజులవి. తెచ్చుకోవడమైతే తెచ్చుకున్నారు గానీ దాని కడుపులో ఏముందో ఒక్కడికీ తెలీదు. కూర్మయ్యకి తెలుసు. విజయనగరంలో ఒక మిల్లు వర్కుషాపులో పదకొండేళ్ళు నూనె మరకల్లో దొర్లి వచ్చినవాడు. సైకిలు హ్యాండిలుకి పనిముట్ల సంచి తగిలించుకుని, చెవి మీద సగం కాలిన చుట్ట పెట్టుకుని దిగేవాడు. దిగీ దిగగానే ఇంజను ముట్టుకునేవాడు కాదు. చుట్టూ ఓసారి తిరిగి, "దీనికేటి తాగించినార్రా?" అని ఇంటివాళ్ళ మీద పడేవాడు. కిరసనాయిలు వడకట్టకుండా పోసినవాడికి ఆ పూట చీవాట్లే భోజనం.

అతని సంచిలో రెండు వస్తువులు ఎప్పుడూ ఉండేవి. ఒకటి, కాగితంలో చుట్టిన గుర్రపు తోక వెంట్రుకలు. ఇంజనుకి నూనె అందించే కార్బరేటరులో ఒక బొక్క ఉంటుంది, ఆవగింజ కూడా దూరదు దాంట్లో. మట్టి అడ్డుపడితే అందరూ ఇనప తీగ పెట్టి పొడిచేస్తారు. బొక్క వెడల్పయిపోతుంది, ఇంజను ఇక ఎందుకూ పనికిరాదు. కూర్మయ్య మాత్రం వెంట్రుక దూర్చి, నోటితో ఊది, వెలుగుకి పట్టి చూసేవాడు. ఎంత పెద్ద ఇంజనైనా దాని ప్రాణం సన్నబొక్కల్లోనే ఉంటుందని వినేవాడికీ విననివాడికీ చెప్పేవాడు.

రెండోది కుంకుమ పొట్లం. బాగుచేసిన ఇంజనుకి చక్రం మీద బొట్టు పెట్టి, దండం పెట్టుకుంటే గానీ ఇంటివాళ్ళకి అప్పజెప్పేవాడు కాదు. ఆడపిల్లని అత్తారింటికి పంపుతున్నట్టుంది నీ వరస, అని పెళ్ళాం అసిరమ్మ ఆటపట్టించేది. "నీ బొట్టు సక్రం ఒక్క తిరుగుడు తిరిగితే ఎగిరిపోతాది. నాకులాగ ముందు మైనం రాసి, దాని మీద అద్దరాదేటి?" అనేది కూడా. ఆవిడ చిన్న ఇత్తడి బరిణెలో మైనం దాచుకునేది. రోజూ పొద్దున్నే చూపుడువేలితో కాస్త తీసి నుదుట రాసుకుని, దాని మీద కుంకుమ అద్దుకునేది. ఎండలో కళ్ళం ఊడ్చినా, వానలో నాట్లు వేసినా చెక్కు చెదిరేది కాదు ఆ బొట్టు.

అరవయ్యారు దీపావళికి ముందు అసిరమ్మకి జ్వరం వచ్చింది. నాలుగో రోజున పోయింది. బొట్టుతో పోయింది, పుణ్యస్త్రీ, అదృష్టవంతురాలు అన్నారు ఊళ్ళో ఆడవాళ్ళు. అదృష్టమేమిటో కూర్మయ్యకి అర్థం కాలేదు. పదో రోజు అయ్యాక ఆ ఇత్తడి బరిణె తీసి తన సంచిలో వేసుకున్నాడు. 

అసిరమ్మకి ఒక్కతే చెల్లెలు, దేముడమ్మ. ఆమె మొగుడు జగన్నాధం. వాళ్ళకి సముద్రం వైపు ఇసక నేలలో అరెకరం ఆకుతోట ఉంది. తమలపాకు తీగలంటే మాటలు కాదు. అవిసె చెట్లకి పాకించి, నీడ పట్టి, పసిపిల్లల్ని పెంచినట్టు పెంచాలి. వేసవిలో పొద్దుటిపూట తడి తప్పిందంటే సాయంత్రానికి ఆకు వాలిపోతుంది, వారం తప్పిందంటే తీగే పోతుంది. పోయిన తోట మళ్ళీ ఆకుకి రావాలంటే రెండు మూడేళ్ళు. దేముడమ్మ అత్తగారు నాటిన తీగలవి. తోటలోకి చెప్పులతో ఎవరినీ అడుగు పెట్టనిచ్చేది కాదు. దాని మీదే వాళ్ళ తిండీ బట్టా.

ఆ తోటకి జగన్నాధం ఏతం తొక్కి నీళ్ళు పెట్టేవాడు. అసిరమ్మ పోయిన నెలలోనే, ఏతం మాను మీద నడుస్తూ కాలు జారి బావి ఒరలో పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ తుంటి ఎముక విరిగింది. ఇక ఏతం తొక్కే యోగం లేదని తేలిపోయింది. అప్పుడు కూర్మయ్యే పూనుకున్నాడు. అప్పు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగాడు, సంతకాలు పెట్టించాడు, సంక్రాంతి వెళ్ళిన నెలకి బండి మీద కొత్త ఇంజను తెచ్చి దింపాడు. చిన్నది, ముద్దుగా ఉంది, ఆకుపచ్చ రంగు. అంతటితో ఊరుకున్నాడా? ఇంజనుకి పాక వెయ్యాలన్నాడు. దూలానికి కర్ర లేదంటే, ఏతం మాను రంపంతో కోయించేశాడు.

"ఉండనీరాదా అన్నా" అన్నాడు జగన్నాధం మంచం మీంచి.

"ఎందుకురా తమ్ముడూ? కాలు ఇరగ్గొట్టిన మాను కళ్ళెదురుగా ఎందుకు? నానున్నానా నేదా?" అన్నాడు కూర్మయ్య.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. కానీ నాలుక మన చేతిలో ఉంటుందా ఎప్పుడైనా.

ఇంజను బిగించి, తాడు చుట్టి లాగాడు. పెట్రోలుతో లేచి, కిరసనాయిలు మీదకి మారి, రెండు గంటలు ఏకధాటిన నీళ్ళు తోడింది. తోట మొత్తం తడిసింది. దేముడమ్మ కాలవ గట్టు మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంది. కూర్మయ్య ఇంజను ఆపి, కుంకుమ పొట్లం తీశాడు. ఈ కొత్త రకానికి చక్రం మీద రేకు కప్పేశారు. బొట్టు ఎక్కడ పెట్టాలా అని చూస్తుంటే దేముడమ్మ, "తలకాయ మీద ఎట్టు బావా" అని ట్యాంకు మూత చూపించింది. పైన గుండ్రంగా, నున్నగా, నుదురులాగే ఉంది మూత.

కూర్మయ్య సంచిలో చెయ్యి పెట్టి ఇత్తడి బరిణె తీశాడు. దేముడమ్మ దాన్ని చూడగానే పోల్చుకుంది.

"అక్కదేనా?"

"మైనం రాసి ఎట్టమని ఎప్పుడూ పోరేది."

"ఎట్టు బావా. పుణ్యస్త్రీ మైనం. మా అక్కే ఇక్కడ కూకున్నట్టుంటాది."

మైనం తీసి మూత నడిమధ్యన దట్టంగా రాసి, దాని మీద రూపాయి కాసంత కుంకుమ అద్దాడు. ఇద్దరూ దండం పెట్టుకున్నారు. జగన్నాధాన్ని కూడా మంచం మీదే మోసుకొచ్చి చూపించారు.

మర్నాడు ఇంజను ఇరవై నిమిషాలు నడిచి ఆగిపోయింది.

కబురందగానే కూర్మయ్య వచ్చాడు. నూనె ఉందా లేదా అని ముందు ట్యాంకు మూత తిప్పాడు. 'సుస్' మని చప్పుడైంది. నూనె నిండుగా ఉంది. మూత బిగించాడు. ప్లగ్గు విప్పి మసి గీకి, నిప్పురవ్వ పడుతోందని చూసుకుని, మళ్ళీ బిగించి తాడు లాగాడు. ఒక్క లాగుడుకే లేచింది. "ప్లగ్గు మసి పట్టేసింది, అంతే" అన్నాడు. చెరిగిన బొట్టు మీద ఇంకాస్త మైనం రాసి, కుంకుమ అద్ది, సైకిలెక్కాడు. అతను ఊరు దాటీ దాటకముందే ఇంజను ఆగిపోయింది.

రెండోసారి వచ్చినప్పుడు కార్బరేటరు విప్పాడు. గుర్రపు వెంట్రుక బయటికొచ్చింది. సన్నబొక్క శుభ్రంగానే ఉంది, అయినా ఊదాడు, కడిగాడు. బిగించి, నూనె చూసి, లాగితే లేచింది. మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ ఆగింది. మూడోసారి వచ్చి, ఏమైతే అయిందని ఇంజను పక్కనే గొంతుక్కూర్చున్నాడు. ఇరవై నిమిషాలకి గుక్క తిప్పుకోలేనట్టు రెండుసార్లు తుమ్మి, ఆగిపోయింది. చెయ్యి వేసి చూస్తే సిలిండరు కాలిపోతోంది. మూత తీస్తే 'సుస్'. అప్పుడు అతనికి పట్టుబడింది. పట్టుబడిందని అతను అనుకున్నాడు, పాపం.

"ఏడెక్కిపోతన్నాది దేముడమ్మా. సూడు, మూత తీస్తే ఆవిరెలా తన్నుకొస్తన్నాదో. ఆగినాక గంటసేపు సల్లారనిచ్చి, అప్పుడు లాగండి. మూత మాత్రం మీరు తియ్యకండి. సముద్రం గాలికి ఇసక పడిందంటే నాశనమైపోతాది."

దేముడమ్మకి బావ మాట వేదం. ఇంజను మీద తడి గోనె కప్పేది, గంటసేపు ఆగేది, తాడు లాగేది. పది లాగుళ్ళకి లేస్తే లేచేది, రెండు నిమిషాలు నడిచి ఆగేది. అరచేతులు బొబ్బలెక్కి, చిట్లి, తాడు ఎర్రబడింది. కూర్మయ్య వస్తే మాత్రం చిత్రంగా ఒక్క లాగుడుకే లేచి నడిచేది. "నీ సెయ్యి తగిల్తేనే మాటింటాది బావా" అనేది. శుక్రవారం శుక్రవారం ఇంజనుకి స్నానం చేయించినట్టు గుడ్డతో తుడిచి, కూర్మయ్య వదిలి వెళ్ళిన బరిణెలోంచి మైనం తీసి బొట్టు దిద్దేది. అది మాట వినని రోజున ఇంకో వేలెడు ఎక్కువ రాసేది.

ఉగాది వెళ్ళింది. ఎండలు ముదిరాయి. తోట పడమటి వైపు వరసల్లో ఆకు పసుపెక్కింది. కూర్మయ్య మిగతా ఊళ్ళ పనులన్నీ వదిలేసి జగన్నాధం ఇంటి అరుగు మీదే మకాం పెట్టాడు. పొద్దున్నే ఒకసారి నడిపేవాడు, ఆగేది; చల్లారిందాకా కూర్చునేవాడు, నడిపేవాడు, ఆగేది. మధ్యలో దేముడమ్మ, చుట్టాలమ్మాయి చిన్నతల్లి కడవలతో నీళ్ళు మోసేవారు. అరెకరం ఇసక నేలకి కడవ నీళ్ళేం సరిపోతాయి? పక్క తోటల వాళ్ళని అడిగితే, ఎవరి ఏతం వాళ్ళ మళ్ళకే చాలడం లేదన్నారు. ఆ మాటలో కల్ల లేదు.

శ్రీకాకుళంలో ఇంజను సామాన్ల దుకాణం నడిపే లక్ష్మీనరసింహం గారని ఒకాయన ఉన్నాడు, బాగా తెలిసిన మనిషి అని ఎవరో చెబితే కూర్మయ్య బస్సెక్కి వెళ్ళాడు. తనకి తెలియని సంగతి ఇంకొకరిని అడగడం అతని జన్మలో అదే మొదలు. చేతులు కట్టుకుని నిలబడి అంతా చెప్పాడు. ఆయన విని, కళ్ళజోడు సర్దుకుని, "ట్యాంకులోకి గాలి ఆడుతోందా? మూత చూశావా?" అని అడిగాడు.

"రోజుకి పదిసార్లు మూత తీస్తన్నాను బాబూ. తీసినప్పుడల్లా సూస్తన్నాను" అన్నాడు కూర్మయ్య.

"అయితే పిస్టను రింగులు అరిగి ఉంటాయి" అన్నాడాయన.

అబద్ధం చెప్పలేదు కూర్మయ్య. రోజుకి పదిసార్లు తీస్తున్న మాట నిజమే. తియ్యడమే దానికి వైద్యం అవుతోందని, మళ్ళీ బిగించడమే రోగమని ఆ ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. అంత అనుభవం పెట్టుకుని ఇద్దరూ మూత ముందు నిలబడి మూతనే దాటిపోయారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది.

కొత్త రింగులు తెచ్చి ఇంజను మొత్తం విప్పేశాడు. ఏ ముక్కకా ముక్క గుడ్డ మీద పరిచి, వాల్వులు నూరి, రింగులు ఎక్కించి, మళ్ళీ కూర్చడానికి అయిదు రోజులు పట్టింది. అన్నం తిన్నాడో లేదో అతనికే గుర్తులేదు. ఇంత శ్రద్ధగా అతను ఏ ఇంజనుకీ పని చెయ్యలేదు. ఆ అయిదు రోజులూ తోటకి చుక్క నీరు పారలేదు. చివరి ముక్క బిగించి, మూత మీద మైనం రాసి, బొట్టు పెట్టి, ఈసారి సాష్టాంగపడి లేచి తాడు లాగాడు.

ఇరవై నిమిషాలు నడిచింది.

ఆగిన ఇంజను ముందు కూర్మయ్య నేల మీద కూలబడిపోయాడు. దేముడమ్మ లోపలికి వెళ్ళి చెంబుతో మజ్జిగ తెచ్చి పక్కన పెట్టింది. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది, ఒక్క దెప్పు దెప్పినా ఊపిరాడేది అతనికి. అలా మజ్జిగ ఇచ్చే మనిషి ముందు ఏ మొహం పెట్టుకుని కూర్చుంటాడు?

వైశాఖం సగం అయ్యేసరికి తోట అయిపోయింది. ఆకులు రాలిపోయి, తీగలు అవిసె మానులకి ఎండు తాళ్ళలా వేలాడాయి. దేముడమ్మ ఒక్కో పాదు దగ్గరా కూర్చుని గోటితో తీగ గీకి చూసేది, లోపల పచ్చదనం ఉందేమోనని. మూడు రోజులు అలా గీకింది. నాలుగో రోజు నుంచి తోటలోకి వెళ్ళడం మానేసింది. ఆ సాయంత్రం జగన్నాధం చెప్పులేసుకుని, కర్ర పట్టుకుని, తోటకి అడ్డంగా నడిచి రోడ్డు మీదకి వెళ్ళాడు. దేముడమ్మ చూస్తూనే కూర్చుంది.

ఇంజను అమ్మేద్దామనుకున్నారు. పక్క ఊరి సోములుకి మిరప తోట ఉంది, ఇంజను కావాలన్నాడు. ఆగిపోయే సంగతి దాచకుండా చెప్పమన్నాడు కూర్మయ్య. జగన్నాధం చెప్పాడు. సోములు, "ఓ పూట నడిపి సూస్తాను. బాగుచేయించుకోగలననిపిస్తే తీసికెల్తాను" అని బండి కట్టుకుని వచ్చాడు.

అతను ఎడ్లు విప్పుతుండగా దేముడమ్మ ఇంజను దగ్గరికి వెళ్ళింది. చేతిలో ఇత్తడి బరిణె ఉంది, జడలోంచి పిన్ను తీసింది.

"పరాయోళ్ళింటికి ఎల్తన్నాది బావా. అక్క మైనం ఎందుకు వాళ్ళకి? తీసేసుకుంటాను" అంది.

మూత మీద నెలల తరబడి పేరుకున్న మైనం గట్టిపడి, వేలెడు మందాన అతుక్కుపోయి ఉంది. పిన్నుతో మెల్లగా అంచులు లేపి, ఒక్క పొల్లు కూడా కింద పడకుండా బరిణెలోకి ఎత్తుకుంది. కొంగుతో మూత తుడిచి, మధ్యలో ఇరుక్కున్న కాస్త మైనాన్ని పిన్ను మొనతో తవ్వి తీసి, బరిణె మూత పెట్టుకుంది.

సోములు తాడు లాగాడు. మొదటి లాగుడుకే లేచింది. ఎండిపోయిన కాలవలోకి నీళ్ళు దూకాయి.

కూర్మయ్య పాక గుంజకి ఆనుకుని నిలబడ్డాడు. ఇరవై నిమిషాలు ఎంతసేపో అతని ఒంటికి తెలుసు. తుమ్ము కోసం చెవి ఒగ్గాడు. ఇరవై నిమిషాలు దాటింది. అరగంట అయింది. తుమ్మలేదు. గంట అయింది. నీళ్ళు మొదటి వరస దాటి, రెండో వరస దాటి, ఎండిన తీగల మొదళ్ళలో నిలబడ్డాయి. సోములు బావి దగ్గరికి వెళ్ళి ధార చూసి తృప్తిగా బీడీ ముట్టించాడు.

కూర్మయ్య ఇంజను దగ్గరికి వెళ్ళాడు. ఏం మారింది? ఏదీ మారలేదు. ఒక్క బొట్టు తప్ప. వంగి మూత చూశాడు. నడిమధ్యన, పిన్ను మొన తవ్విన చోట, చిన్న బొక్క. నువ్వుగింజంత. ట్యాంకులో నూనె తగ్గేకొద్దీ బయటి గాలి లోపలికి పోవడానికి పెట్టిన దారి. ఆ దారి మూసుకుంటే నూనె కిందకి దిగదు, ఇంజను దాహంతో ఆగిపోతుంది. అన్ని ఇంజన్లకీ ఉంటుంది. అతను చూసిన పాత వాటికి మూత పక్కన ఉండేది, దీనికి నుదుట ఉంది.

బొటనవేలు దాని మీద పెట్టి నొక్కాడు. నొక్కి అలాగే నిలబడ్డాడు. కాసేపటికి వేలి చర్మాన్ని ఏదో లోపలికి పీల్చుకుంటోంది, పసిబిడ్డ నోట్లో వేలు పెట్టినట్టు. ఇంకాసేపటికి ఇంజను తుమ్మింది. మరో తుమ్ము. వేలు తీశాడు. 'సుస్'. అది ఆవిరి బయటికి రావడం కాదు, గాలి లోపలికి వెళ్ళడం. ఇంజను ఊపిరి పీల్చుకుని మళ్ళీ నడక అందుకుంది.

దేముడమ్మ పక్కనే నిలబడి అంతా చూసింది. ఆమెకి ఇంజను సంగతి తెలీదు గానీ బావ మొహం తెలుసు.

"మైనమా బావా?" అంది మెల్లగా.

"నానే ఊపిరి మూసీసినాను" అన్నాడు. 

దేముడమ్మ చేతిలో బరిణె వైపు చూసుకుంది. ఎన్ని శుక్రవారాలు తనూ రాసిందో లెక్క తెగదు. "ఈ సంగతి మీ తమ్ముడికి సెప్పకు. సచ్చిపోయిన అక్కని తిడతాడు" అంది. బరిణె మాత్రం అతనికి తిరిగి ఇవ్వలేదు, బొడ్లో దోపుకుంది.

సోములు వచ్చి ఇంజను మీద చెయ్యి వేశాడు. "దీనికి రోగమేటయ్యా కూర్మయ్యా? ఎంతసేపైనా నడిసేటట్టే ఉన్నాది."

"రోగమేటీ నేదు" అన్నాడు కూర్మయ్య.

"మరెందుకమ్ముకుంటన్నారు?"

కూర్మయ్య తోట వైపు తిరిగిపోయాడు. దేముడమ్మే చెప్పింది.

"నీళ్ళెట్టడానికి తోట నేదు బాబూ. అందుకు."

సోములు ఎండిన తోట వైపు, దాంట్లో నిలిచిన నీళ్ళ వైపు ఓసారి చూసి, ఇంజను ఆపమన్నాడు. కూర్మయ్య వంగి ఆపాడు. తర్వాత అతనూ సోములూ కలిసి ఆకుపచ్చ ఇంజనుని బండి మీదకి ఎక్కించారు. అలవాటు కొద్దీ కూర్మయ్య చెయ్యి కుంకుమ పొట్లం కోసం సంచిలోకి వెళ్ళింది. సగంలో ఆగి, ఖాళీగా బయటికి వచ్చింది.